నెత్తికెక్కిన పత్తి

మా గుంటూరు వైపు కొత్త టోపీతో ఊళ్ళోకి దిగితే ఎంతకు కొన్నావని ఎవరూ అడగరు. ఎవరు పెట్టారని అడుగుతారు. టోపీ అంటేనే మన భాషకు అనుమానం. పాగా సంగతి అలా కాదు. ఫలానావాడు అక్కడ పాగా వేశాడంటే కుదురుకున్నాడని, వేళ్ళు దిగాయని, ఇక కదిలించలేమని. తల ఒక్కటే. దాని మీద ఎవరో తెచ్చి పెడితే మునిగాం. మన చేత్తో మనం చుట్టుకుంటే నిలిచాం. గుళ్ళో భక్తిగా వంగి పెట్టించుకునే శఠగోపాన్ని సైతం మోసాల ఖాతాలో రాసుకున్న జాతి మనది. అంగట్లో అమ్మే టోపీ ఒక లెక్కా!

అయినా టోపీ మీద నాకు పగ లేదు. మంచి ఫెడోరాను ఒక్కసారి చేతిలోకి తీసుకున్నవాడు దాన్ని చులకన చేయలేడు. 1882లో పారిస్‌లో ఆడిన విక్తోరియెన్ సార్దూ నాటకం ‘ఫెడోరా’ నుంచే దానికా పేరు. ఆ వేషం కట్టిన సారా బెర్నార్ నెత్తిన చూసి ముందు ఆడవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్నారు; మగవాళ్ళకు అది తర్వాతెప్పుడో దక్కింది. అది నేసిన గుడ్డ కాదు. పడుగు లేదు, పేక లేదు. కుందేలు బొచ్చో, బీవర్ బొచ్చో ఆవిరిలో, వేడినీళ్ళలో నలిపి నలిపి, వెంట్రుకకు వెంట్రుక పెనవేసుకునేదాకా అణిచితే తేలే ఫెల్ట్. ఇటలీలో అలెస్సాండ్రియా ఊరి బోర్సాలినోవాళ్ళు 1857 నుంచి దీన్నే నమ్ముకున్నారు. బొచ్చు రకం మేలు, గొర్రె ఉన్ని రకం చవక. అంచు వంచి వదిలితే మళ్ళీ తన చోటికి తనే రావాలి. లోపల చెమట పట్టే తోలుపట్టీ మెత్తగా, అతుకు తెలియకుండా ఉండాలి. చెవులకు కాస్త పైన టేపు చుట్టి తల కొలుచుకోవాలి. ఇవన్నీ చదువుకొనే వెళ్ళాను. హైదరాబాదులో ఒక కొట్టులో, అసలు సిసలు బొచ్చు రకమే అని ఒట్టేసి చెబితే, కొన్నాను. మొదటి వానకే దాని అంచు నూనె చాలని అప్పడంలా వాలిపోయింది. ఎవరు పెట్టారని అడిగితే మాత్రం చెప్పను.

టోపీకి మా నేల మీద దక్కిన గౌరవమంతా ఒక్క మనిషి తెచ్చిపెట్టింది. తెనాలి పక్కన బుర్రిపాలెం. ఊరి పేరులోనే బుర్ర ఉంది. ఆ ఊళ్ళో 1943లో పుట్టిన కృష్ణ, 1971లో వెడల్పు అంచు టోపీ పెట్టి, గుర్రమెక్కి, రాజస్థాన్ ఇసుకలో దుమ్ము రేపాడు. ఆరుద్ర రాయగా, కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ఆ కౌబాయ్ బొమ్మ పేరు ‘మోసగాళ్ళకు మోసగాడు’. చూశారా, అంత అందగాడు నెత్తిన పెట్టినా టోపీని మోసం వదల్లేదు! ఆ సినిమా చూసి వచ్చి మా ఊరి కుర్రాళ్ళు తాటాకు టోపీలు అల్లుకొని గేదెల మీద ఎక్కారని పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. సాయంత్రానికి ఆకు ఎండి చిట్లింది. మర్నాడు అందరి తలల మీదా మళ్ళీ పాత తుండుగుడ్డలే.

తలగుడ్డా, నీకు దండం.

నిన్ను పిలవడానికి మాకు ఒక్క పేరు చాలలేదు. భుజాన ఉంటే కండువావి, పెళ్ళిలో పాగావి, పొలంలో తుండువి, బావి దగ్గర తువ్వాలువి, చీరాల మగ్గం మీద రుమాలువి. నీకు ముందూ లేదు, వెనకా లేదు. నీకు నంబరు లేదు. తల ఎంత అని టేపు తీయవు. ఏ తల దొరికితే ఆ తల రూపం నీది. జుట్టున్న తల, బట్టతల, గాయానికి కట్టు కట్టిన తల, అప్పుల లెక్కతో బరువెక్కిన తల, నీకు అన్నీ ఒకటే. టోపీ తన ఆకారాన్ని కాపాడుకోవడానికి పుట్టింది. నువ్వు ఆకారం లేకుండా పుట్టి, మా ఆకారాన్ని కాపాడుతున్నావు.

ఫాల్గుణంలో మిరప కల్లం చూడనివాడికి నీ విలువ చెప్పడం కష్టం. కనుచూపు మేర నేల ఎర్రబడి ఉంటుంది. పైనుంచి ఎండ, కింద నుంచి ఘాటు. మధ్యలో ఆడవాళ్ళు వరసగా కూర్చొని తాలుకాయ ఏరుతుంటారు. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. తలకు నువ్వు. ముక్కుకూ నువ్వే. మొహంలో కళ్ళు తప్ప ఏమీ కనపడవు, ఆ కళ్ళు మాత్రం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాయి. ఎవరి మీద జోకు వేసుకున్నారో మగవాళ్ళకు చెప్పరు. గాలి తిరిగిందంటే వరస మొత్తం ఒక్కసారి తుమ్ముతుంది. అప్పుడు నువ్వే తడి తుడుస్తావు. మధ్యాహ్నం సద్ది విప్పేటప్పుడు నువ్వే విస్తరి కింద పరుపు. తుమ్మచెట్టు కింద పసిదానికి నువ్వే ఉయ్యాల గుడ్డ. గుంటూరు యార్డులో మిరప టిక్కీ తల మీదికి ఎక్కే ముందు హమాలీ నిన్ను ఒక్క విసురు విసిరి, మెలిపెట్టి, చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంటాడు. బరువు ఆయనది, ఒరుపు నీది. ఫెడోరాను చుట్టకుదురు చేయగలవాడు అలెస్సాండ్రియాలో కూడా ఉండడు.

రెంటచింతల ఎండలో నీ విద్య ఇంకొకటి బయటపడుతుంది. ఏటా మే నెలలో పేపరు వాళ్ళు ఉష్ణోగ్రతలు వేసే జాబితాలో పల్నాటి ఆ ఊరి పేరు పైపైనే ఉంటుంది. ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున ఫెల్ట్ టోపీ తలను ఉడకబెడుతుంది. నిన్ను మాత్రం బోరింగు కింద తడిపి, పిండి, దులిపి చుట్టుకుంటే, నీలోని తడి ఆరుతూ ఆరుతూ తల వేడిని పట్టుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇదే లెక్కతో. మా తాత దీన్నే ‘నెత్తి మీద కుండ’ అనేవాడు. పొలం నుంచి ఇంటికి వచ్చేలోపు మూడుసార్లు తడిపేవాడు, మూడు కాలవల దగ్గర.

ఇక నిన్ను కొనడం. అది మా తాత దగ్గర చూడాలి. చిలకలూరిపేటలో గుడ్డల కొట్టుకు వెళ్ళినప్పుడు ఆయన రంగు చూసేవాడు కాదు. మడత విప్పకుండానే ముందు చేతిలో బరువు చూసేవాడు. ఆ తర్వాత గుడ్డ తీసుకొని గడప దాటి వెలుగులోకి వచ్చేవాడు. కొట్టువాడికి గుండె జారేది, పట్టుకుపోతున్నాడేమోనని. సూర్యుడికి కంటికి మధ్య గుడ్డను పట్టుకొని చూస్తే పోగుల మధ్య సందులు సమంగా కనపడాలి. ఒకచోట దట్టం, ఒకచోట జల్లెడ అయితే అక్కడే మడిచి ఇచ్చేసేవాడు. బొటనవేలితో గట్టిగా రుద్ది, ధోవతి మీద దులిపేవాడు. తెల్లపొడి రాలితే గంజి. “గుడ్డకు డబ్బులిస్తా గానీ గంజికి ఇస్తానటయ్యా?” అనేవాడు. పిడికిట్లో నలిపి వదిలి, ముడతల వంక చూస్తూ ఒక నిమిషం మాటలు ఆపేసేవాడు. ముడతలు పూర్తిగా పోకూడదు. పోతే అందులో పత్తి కానిదేదో ఉన్నట్టే.

అప్పుడు అంచు నుంచి ఒక పోగు లాగి, చుట్ట వెలిగించిన అగ్గిపుల్లతోనే దానికీ నిప్పు పెట్టేవాడు. పత్తి పోగు కాగితంలా కాలి, మెత్తటి బూడిద అవుతుంది. కాలిన కాగితం వాసనే వస్తుంది. పాలియెస్టర్ కలిసిందంటే కరిగి, చివర నల్లపూసలా గడ్డకడుతుంది. ఆఖరుది నీళ్ళ చుక్క. కొట్టువాడు ఇచ్చిన మంచినీళ్ళలో వేలు ముంచి గుడ్డ మీద ఒక చుక్క వదిలేవాడు. అది లోపలికి ఇంకిపోవాలి. పైన ముత్యంలా నిలబడితే ఆ గుడ్డ అందానికి పనికొస్తుంది, చెమటకు పనికిరాదు. మగ్గం గుడ్డా మర గుడ్డా అన్నది అంచులు చెబుతాయి. నేసేటప్పుడు గుడ్డ దగ్గరికి లాక్కుపోకుండా ఇరుపక్కలా సాగదీసి పట్టే బద్ద ఉంటుంది కదా, దాని మొనలు దిగిన సన్నటి బెజ్జాలు చేనేత అంచు వెంట వరసగా కనిపిస్తాయి. అవి లోపమని కొందరు వెనక్కి ఇచ్చేస్తారు. తాత వాటిని చూసే కొనేవాడు. పొడవు మూరతో కొలిచి, ఇంకో జానెడు కలిపి కొనేవాడు. మొదటి ఉతుకులో ఆ జానెడు నీళ్ళ పాలవుతుందని ఆయనకు తెలుసు. ఇంత చేసి, చివరికి ఏమి అనేవాడో తెలుసా? “రంగు ఏదో ఒకటి ఇవ్వు.”

తలగుడ్డా, నీకు పుట్టింటి గొప్ప ఒకటుంది. అది చీరాల.

ఆ ఊరు కదలకుండానే మూడు జిల్లాలు మారింది. 1970 దాకా గుంటూరు, ఆ తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. మగ్గం గుంట మాత్రం ఉన్నచోటే ఉంది. అక్కడ ఒకప్పుడు తేలియా రుమాలు నేసేవారు. పత్తి నూలును ముందు నూనెలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళలో పిసికి, ఎండబెట్టి, మళ్ళీ పిసికి, మళ్ళీ ఎండబెట్టి, రోజులూ వారాలూ అలాగే తిప్పేవారు. నూనె తాగిన పోగుకే ఎరుపు లోతుగా పడుతుంది. ఆ ఎరుపు మొదట్లో ఈ తీరపు ఇసుక నేలల్లో తవ్విన చిరివేరు ఇచ్చింది. తర్వాతి కాలంలో పైదేశాల నుంచి డబ్బాల్లో వచ్చిన అలిజరిన్ ఆ చోటు తీసుకుంది. నలుపుకు ఇనప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ళు. తెలుపు పత్తిదే. ఇంత చేసీ ఇంకా నేత మొదలుకాలేదు! పడుగు పోగులను, పేక పోగులను లెక్కపెట్టి, రంగు పట్టకూడని చోటల్లా దారంతో బిగించి కట్టి, ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, అప్పుడు మగ్గానికి ఎక్కిస్తే, పడుగులో చుక్క, పేకలో చుక్క ఒకచోట కలుసుకొని గళ్ళల్లో పువ్వు లేచేది. పువ్వులే కాదు. కాలం మారేకొద్దీ ఆ గళ్ళల్లోకి విమానం వచ్చింది, గడియారం వచ్చింది, గ్రామఫోను వచ్చింది. విమానం ఎన్నడూ ఎక్కని నేతగాడు విమానాన్ని పోగుల లెక్కల్లో కట్టి, నీటి మీద ఓడలో పంపించాడు.

ఓడ ఎక్కడికంటే, అరబ్బు దేశాలకు. అక్కడి ఎండల్లో ఆ రుమాలు తలకు చుట్టుకున్నారు. నూనె వాసన వాళ్ళకు అడ్డం కాలేదు. ఆ వాసనే సరుకు అసలుదని ముద్ర. చల్లగా ఉంటుందని నమ్మి కొన్నారు. నాకైతే ఇదంతా తలుచుకుంటే ఒళ్ళు పొంగుతుంది. ఎడారి దొర ఒకడు ఒంటె మీద రాజులా పోతున్నాడు, ఆయన నెత్తిన మా చీరాల ఉంది! చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరుతో పడమటి ఆఫ్రికాకు వెళితే నైజీరియా ఆడవాళ్ళు మెచ్చి కట్టుకున్నారు. ఈ కోరమాండల్ తీరపు గళ్ళ గుడ్డకు ఆ రేవు పేరే ఖాయమై, సముద్రాలవతల మార్టినిక్, గ్వాదలూప్ దీవుల్లోనూ ‘మద్రాస్’ అంటేనే తలగుడ్డ. అక్కడి ఆడవాళ్ళు దాన్ని కొనలు లేచేలా కడతారు. ఒక కొన లేపితే మనసు ఖాళీ. రెండైతే మాట ఇచ్చేసింది. మూడైతే పెళ్ళయింది. నాలుగైతే, పెళ్ళయినా ఇంకా చోటుంది. మా కల్లంలో ఆడవాళ్ళకు ఈ సంగతి చెప్పాను. నాలుగో ముడి ఎలా వేస్తారో చూపించమని వరస మొత్తం నా మీద పడింది.

నిన్ను పొగుడుతున్నాను గనక అన్నీ మంచే చెబితే నువ్వే నమ్మవు. నీ మీద మచ్చ ఒకటుంది, అది నీది కాదు, మాది. దొరల దేశంలో టోపీ తీయడం పలకరింపు; ఎత్తుతారు, నవ్వుతారు, మళ్ళీ పెట్టుకుంటారు. మా ఊళ్ళల్లో నిన్ను తీయడం వేరు. అరుగు మీద కామందు కూర్చొని ఉంటే పాలేరు దూరం నుంచే నిన్ను విప్పి చంకలో దాచుకొని, తల వంచుకొని ఆ వీధి దాటాలి. మరిచిపోతే పంచాయితీ. ఎండ అందరికీ ఒకటే గానీ నీడ కొందరిది. ఎర్రటి ఎండలో గుడ్డ చేతిలో ఉండి, తల కాలుతూ నడిచినవాళ్ళను నేను చిన్నప్పుడు చూశాను. వాళ్ళ మనవలు ఇప్పుడు అదే వీధిలో తలపాగా చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టి, బండి ఆపకుండా వెళుతున్నారు. చూడటానికి వింతగానే ఉంటుంది. నాకు మాత్రం అంతకంటే మంచి కిరీటం కనపడదు.

చీరాలవాళ్ళు తల వంచని ఏడాది 1921. మున్సిపాలిటీ పన్నులు మేము కట్టలేమని చెప్పి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక చీరాల, పేరాల జనం ఇళ్ళకు తాళాలు వేసి ఊరి హద్దు దాటి వెళ్ళిపోయారు. పాకలు వేసుకున్నారు, ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు, ఎండా వానా చలీ చూసి దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. పాగా వేయడమంటే అది. ఆ ఏడాదే సెప్టెంబరులో మదురైలో గాంధీ, తన పేరు మీదనే చెలామణీ అవుతున్న టోపీని తీసి పక్కన పెట్టి, అంగీ విడిచి, కొల్లాయికి దిగిపోయాడు. పేదవాడికి అంత గుడ్డ కూడా లేదని. టోపీ అలవాటు చేసినవాడే టోపీ మానేశాడు. లోకం మాత్రం ఇప్పటికీ పెట్టుకుంటూనే ఉంది, కొందరు పెడుతూనే ఉన్నారు.

ఇంకొక మాట కూడా నీకు చెప్పాలి. పత్తికి మందు కొట్టేటప్పుడు నిన్ను ముక్కుకు కట్టుకొని, ఇక భయం లేదనుకున్నారు మావాళ్ళు. నువ్వు దుమ్మును ఆపగలవు, ఘాటును కొంత ఆపగలవు. మందును ఆపలేవు. తడిసిన నువ్వు ఆ విషాన్ని మూతి దగ్గరే పట్టి ఉంచుతావు. ఆ పనికి వేరే ముసుగు కావాలి, నిన్ను వాడటం తప్పు. 1987లో, 88లో తెల్లదోమ, పురుగు కలిసి ఈ గుంటూరు, ప్రకాశం చేలను ఊడ్చేసినప్పుడు, ఎన్ని మందులు కొట్టినా పైరు నిలవనప్పుడు, అప్పు తీరే దారి కనపడక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. వాళ్ళు పండించిన పత్తే నువ్వు. వాళ్ళ ఇళ్ళల్లో కళ్ళు తుడిచిందీ నువ్వే. తెల్లబంగారమని పాడేవాళ్ళు ఈ చరణం ఎగరగొట్టి పాడతారు.

కార్తీకం వెళ్ళాక నల్లరేగడిలో కాయ పగిలి నువ్వు బయటికి తొంగిచూస్తావు. ఒడి కట్టుకున్న చేతులు నిన్ను తీస్తాయి. జిన్నింగ్ మిల్లులో గింజ విడుస్తావు, మరలో దారమవుతావు, మగ్గం మీద గుడ్డవవుతావు, మళ్ళీ అదే చేనుకు, అదే మనిషి నెత్తినెక్కి వస్తావు. కుందేలును చంపకుండా, ఆవిరి యంత్రం పెట్టకుండా, నేల నుంచి నెత్తికి ఇంత దగ్గరి దారి ఉన్న తలపాగా ఇంకొకటి నాకు తెలియదు. చిరిగాక కూడా నీకు చావు లేదు. ముందు మసిగుడ్డవవుతావు, తర్వాత సైకిలు తుడుస్తావు, ఆఖరున దీపంలో వత్తివై వెలుగుతావు.

తేలియా రుమాలు ఇప్పుడు ఎక్కువగా తెలంగాణలో, నల్గొండ వైపు పుట్టపాకలో బతుకుతోంది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది తలకు చుట్టుకునే ధర దాటి, గోడకు తగిలించే ధరకు చేరింది. కొనగలవాళ్ళు కొనండి, కొని మాత్రం తలకే చుట్టండి. మిగతావాళ్ళం చీరాల బజారుకే పోదాం. ఎండాకాలం రాకముందే వెళ్ళండి. గంజి లేనిది, చేత్తో నేసినది, జానెడు ఎక్కువ పొడవున్నది రెండు తీసుకోండి, ఒకటి తలకు, ఒకటి తడిపి ఆరేయడానికి. నేసినవాడు ఎదురుగా ఉంటే బేరం వద్దు. వెళ్ళేటప్పుడు జేబులో అగ్గిపెట్టె, చేతిలో నీళ్ళ సీసా మరిచిపోకండి. కొట్టువాడు ఏమీ అనుకోడు. అనుకుంటే పక్క కొట్టుకు వెళ్ళండి.